పేరు చెప్పని ఆకు

మా పెరడు అంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు మంచాలు పక్కపక్కన వేస్తే నిండిపోయే జాగా. ఒక పక్క మట్టిగోడ, ఇంకో పక్క కంపకంచె, మధ్యలో ఒళ్ళు కడుక్కునే బండ. ఆ బండ మీది నీళ్ళు ఎంత దూరం పారితే అంత దూరమే పచ్చ, తక్కినదంతా ఎర్రమట్టీ గులకరాళ్ళూ. అక్కడ మందుమొక్కలు పెంచాలని పట్టుబట్టింది నేను. ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చిందీ నేనే. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదానికి కరువు మీదో మా అత్త మీదో నెపం నెట్టడం చాలా తేలిక. కొన్నేళ్ళు ఆ పనీ చేశాను. దానివల్ల నా మనసు కుదుట పడిందీ లేదు, పోయిన మనిషి వచ్చిందీ లేదు.

నేను పుట్టి పెరిగింది నంద్యాల దగ్గర, కాలువ కింద ఊర్లో. మాదీ మగ్గాల ఇల్లే గానీ మా తాత మగ్గం కంటే ఆకులనే ఎక్కువ నమ్ముకున్నాడు. దగ్గుకైనా, కడుపునొప్పికైనా, కాలిన పుండుకైనా జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన వెంట తిరిగి నేను ఆకులు నేర్చుకున్నాను. కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఇది ఫలానా అని చెప్పేసేదాన్ని. నలుగురిలో ఆ విద్య చూపించుకోవడం నాకు మహా సరదా. డెబ్బైల మధ్యలో పెళ్ళయి, ధర్మవరానికీ సోమందేపల్లెకూ నడుమ ఉన్న ఈ ఊరికి కాపరానికి వచ్చినప్పుడు, సారెతో పాటు తడిపిన గోనెసంచిలో పన్నెండు రకాల మొక్కలు తెచ్చాను. బస్సులో దారి పొడుగునా ఆ సంచి నా ఒళ్ళోనే ఉంది.

మా అత్త సంచి విప్పి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏమ్మే, మీ పక్క సారెలో కంప పెడ్తారా?" అంది.

"కంప కాదత్తా, మందు చెట్లు."

"చెట్లయితే మాత్రం నీళ్ళు ఎవురు పోస్తారు? మీ కాలువ ఈడికి వస్తాదా?"

మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న మా ఆయన పక్కున నవ్వాడు. ఆయన నవ్వు నేను మొదటిసారి విన్నది అప్పుడే. కోపం రావాల్సింది, రాలేదు. ఈ మనిషితో బతికేయొచ్చు అనుకున్నాను.

నీళ్ళ మాట అత్త అన్నదే నిజమైంది. వీధి చివర బోరింగు ఒక్కటే మాకు దిక్కు. వరస మన బిందె దాకా వచ్చేసరికి అది ఎక్కిళ్ళు పెట్టేది. ఇంటికి నాలుగు బిందెలు చేరితే ఆ రోజుకు గట్టెక్కినట్టే. తాగడానికీ వండడానికీ పోను ఒంటి మీద పోసుకోవడానికి తలా ఒక చిన్న బకెట్టు. ఆ నీళ్ళే బండ మీంచి జారి నా మొక్కలకు చేరాలి. మొదటి ఎండాకాలం ముగిసేసరికి చాలామటుకు ఎండిపోయాయి. సరస్వతి ఆకు అన్నిటికంటే ముందు పోయింది. వస పోయింది, పొన్నగంటి పోయింది. మా తాత తన చేత్తో వేళ్ళు తెగకుండా తవ్వి ఇచ్చిన మొక్కలవి. నేను గోడ పక్కన కూర్చుని ఏడిస్తే అత్త చూసి, "మనిషి పోయినట్టు ఏడుస్తావేందిమ్మే, లెయ్యి," అని కసిరింది.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. నాకిష్టమైనవి కాదు, ఈ ఇంట్లో మనుషులకు అక్కరకొచ్చేవే పెంచాలి. అందులోనూ ఈ ఎండకు తట్టుకునేవే పెంచాలి. కలబందకు పెద్దగా ఆలోచించే పని లేదు, రాయి మీద పడేసినా బతుకుతుంది. నల్లేరును కంచెకు పాకించాను, అది అత్త మోకాళ్ళ కోసం. లేతకణుపులు తుంచి పచ్చడి చేస్తే నాలుక దురద పెడుతుందని తిడుతూనే రెండు ముద్దలు ఎక్కువ తినేది. కంచెలోని వేపచెట్టుకు తిప్పతీగ ఎక్కించాను, జ్వరాలకని. పగిలిన కుండలో వాము ఆకు పెట్టాను, అది తర్వాత పుట్టిన మా పాప జలుబుకు. ఇక అడ్డసరం మా ఆయనది. పొద్దస్తమానం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మనిషికి చలికాలం వస్తే దగ్గు ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. ఆ ఆకు రసంలో కాస్త తేనె వేసి ఇస్తే కళ్ళు గట్టిగా మూసుకుని మింగేవాడు.

బండ మీద సబ్బు వాడకూడదని నేనొక చట్టం పెట్టాను. సబ్బు నీళ్ళకు మొక్కలు మాడతాయి కాబట్టి అందరికీ సున్నిపిండే. మా ఆయన స్నానానికి కూర్చున్నప్పుడల్లా గొంతెత్తి, "నా ఒంటి మీది మురికి తాగి పెరిగిన ఆకును నాకే కసాయం కాంచి పోస్తాది, ఏం పెండ్లామప్పా ఇది!" అనేవాడు. గోడ అవతలి వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

ఇంకొక మొక్క ఉంది. దాని సంగతి దాచను. బండకు అన్నిటికంటే దగ్గర, నీళ్ళు మొదట చేరే చోట నేను గుంటగలగర పెట్టాను. అది తడి లేనిదే బతకదు. ఈ నేలకు తగిన మొక్కే కాదు. నూనెలో కాచి తలకు రాసుకుంటే జుట్టు నల్లగా ఒత్తుగా ఉంటుంది. అంటే అది నా జుట్టు కోసం. ఇంట్లో అందరికీ తలా ఒక మొక్క ఇచ్చాను కదా, నాకొకటి ఉంటే తప్పేమిటి అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ దాన్ని, నడుం దాకా జడ ఉండేది. ఆయనకు ఆ జడంటే ఇష్టం.

మా అత్త సంగతి చెప్పాలి. ఆమె కామెర్లకు మందు ఇచ్చేది. ఆదివారం, గురువారం పొద్దున్నే మా గడప ముందు కళ్ళు పచ్చబడ్డ మనుషులు కూర్చుని ఉండేవాళ్ళు. పెనుకొండ నుంచి వచ్చేవాళ్ళు, లేపాక్షి నుంచి కూడా వచ్చేవాళ్ళు. అత్త లోపలి గదిలో తలుపేసుకుని ఏదో ఆకు నూరేది. ఉండ చేసి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. మూడు పూటలు. ఉప్పు, నూనె మానమనేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు, తగ్గినాక ఒక టెంకాయ తెచ్చి గడప మీద పెట్టిపోతే చాలు. అది ఆమెకు ఆమె అత్త ఇచ్చిన విద్య. ఆమెకు అంతకు ముందరి అత్త ఇచ్చింది.

ఆ విద్యకు ఒక కట్టుబాటు ఉంది. ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు. చెప్తే మందు పని చేయడం మానేస్తుంది. తన చేత కాని రోజు వచ్చినప్పుడు ఇంటి కోడలికి ఒక్కదానికే చెవిలో చెప్పాలి, ఇచ్చినామెకు ఆ రోజు నుంచి హస్తవాసి పోతుంది. అంతవరకూ కోడలైనా సరే చూడకూడదు. నాకు తెలియని ఆకు ఉందా అని నాకు ఒళ్ళుమంట. మా తాత అన్ని రోగాలకూ మందిచ్చేవాడు గానీ కామెర్లు మాత్రం ముట్టేవాడు కాదు, అది వేరే ఇంటివాళ్ళదనేవాడు. కాబట్టి నా విద్యలో ఆ ఒక్కచోట గండి ఉంది. ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. "నేను పొయ్యే పొద్దు చెప్తాలే, తొందరేమి నీకు?" అని నవ్వేసింది అత్త.

ఎనభైల మొదట్లో వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. చెనిక్కాయ, అదే వేరుశెనగ, వేసినవాళ్ళు విత్తనం కూడా వెనక్కి తీసుకోలేకపోయారు. చెరువు అడుగు పెంకుల్లా పగిలి పైకి లేచింది. అంతకు ముందు అత్త ఆకు కోసం బుట్ట పట్టుకుని చెరువు కిందికి పోయేది. ఆ రెండో ఏడు బుట్ట చూరుకు వేలాడుతూనే ఉంది, అయినా మందు ఇవ్వడం మాత్రం మానలేదు. ఆకు ఎక్కడిదీ అని నేను ఆలోచించలేదు. ఆదివారం, గురువారం తెల్లవారుతూనే ఆమె నా మడి దగ్గర వంగి ఉండడం చూశాను. చూసి, పోనీలే, ముసలామెకు నా మొక్కల మీద మనసు మళ్ళిందని మురిసిపోయాను.

గుంటగలగర చుట్టూ ఎప్పుడూ కలుపు వచ్చేది. ఊర్లో ఎక్కడా తడి లేదు కాబట్టి ఉన్న తడికంతా అదే ఎగబడేది. జానెడు ఎత్తు మొక్క, చింతాకులాంటి సన్నటి ఆకులు, ఆకు ఈనె కింద వరసగా ఆవగింజలంత కాయలు. మా ఊర్లో వరిమడి గట్ల మీద కాళ్ళ కింద పడి నలిగిపోయే మొక్క. మాకది పెరికి పారేసేదే. కరువు దేశంలో కలుపంటే దొంగ కింద లెక్క, చెంబు నీళ్ళు పోస్తే అరచెంబు అదే తాగేస్తుంది. ఒక పొద్దు నేను దాన్ని పెరుకుతుంటే అత్త వచ్చింది.

"ఏమ్మే, దాన్ని యాల పెరుకుతాండావు?"

"కలుపత్తా. నీళ్ళన్నీ ఇదే తాగేస్తాంది."

"తాగనీ. పెరక్కుంటే నీ సొమ్మేం పోతాది?"

ఆమె గొంతులో ఏదో తేడా వినిపించింది. నేను తలెత్తి సూటిగా అడిగాను. "యాలత్తా, ఇదేమన్నా మందా?"

అడిగాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ ఒక్క ప్రశ్నను. అత్త మొహం పక్కకు తిప్పుకుంది.

"మందూ ల్యా, మాకూ ల్యా. ఉండనీ అని పెద్దోళ్ళు చెప్పినప్పుడు ఉండనియ్యల్ల. అన్నీ నీకే తెలుసుననుకోవద్దు," అని లోపలికి పోయింది.

అన్నీ నీకే తెలుసుననుకోవద్దు అన్నమాట నాకు సూదిలా గుచ్చుకుంది. మొక్కల విషయంలో నాకు చెప్తుందా ఈమె అనుకున్నాను. ఆమె అడ్డం నిలిచినంత కాలం ఊరుకున్నాను గానీ, మాట మనసులో పెట్టుకున్నాను.

మాఘమాసంలో తమ్ముడి కూతురి పెళ్ళని అత్త లేపాక్షికి పోయింది, వారం రోజులు. మూడో రోజు నేను కొంగు బిగించి మడిలోకి దిగాను. ఒక్క వేరు మిగలకుండా పెరకాలని పంతం. మా ఆయన కాళ్ళు సాగదీసుకోవడానికి మగ్గం దిగి వచ్చాడు. "మా అమ్మ వచ్చి చూస్తే దాంతోపాటు నిన్నూ పెరికి పారేస్తాది," అన్నాడు. అంటూనే నా పక్కన గొంతుక్కూర్చుని తనూ పెరకడం మొదలుపెట్టాడు. మగ్గం మీద పోగులు అతికే వేళ్ళు ఆయనవి, చాలా నేర్పు. నేను ఒకటి పెరికేలోపల మూడు పెరికేవాడు, వేరు తెగకుండా. తట్టలో వేసుకుని ఎరువుదిబ్బ మీద గుమ్మరించి వచ్చిందీ ఆయనే. ఆ సాయంత్రం నా గుంటగలగర ఒక్కటే మడిలో మహారాణిలా నిలబడింది. ఎంత బాగుందో అనుకున్నాను.

అత్త వచ్చింది. పెళ్ళి ముచ్చట్లు చెప్తూనే పెరట్లోకి పోయి, ఆగిపోయింది.

"ఎవురు చేసినారు ఈ పని?"

"నేనే అత్తా. మీ కొడుకు కూడా చెయ్యి వేసినాడు," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎరువుదిబ్బ దగ్గరికి పోయి ఎండిపోయిన కలుపును రెండు చేతులతో చాలాసేపు కెలికింది. ఎండింది పనికిరాదని, పచ్చిదే కావాలని నాకు తర్వాత తెలిసింది. ఆ గురువారం మందుకు వచ్చినవాళ్ళను గడప దగ్గరే నిలబెట్టి, "ల్యా నాయనా. వానలు పడినాక రాండి," అని పంపేసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను దాన్ని అలక అనుకున్నాను. అప్పటికైనా నా బుర్రకు తట్టాల్సింది. గెలిచానన్న సంతోషంలో ఉన్న మనిషికి ఏదీ తట్టదు.

చైత్రంలో మా ఆయనకు జ్వరం వచ్చింది. తిప్పతీగ కషాయం ఇచ్చాను, తగ్గింది. కానీ అన్నం చూస్తే వాంతి. మగ్గం దగ్గర కూర్చుంటే పోగు కనిపించడం లేదనేవాడు. అప్పుడు మగ్గం మీద మామిడిపిందెల అంచు ఎర్రచీర సగందాకా నేసి ఉంది. నాలుగోనాడు బండ మీద మొహం కడుక్కుని నా వైపు తిరిగాడు. ఎండలో ఆయన కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. అత్త నాకంటే ముందే చూసింది. ఆమె చేతిలోని చెంబు జారి కింద పడింది.

నేను ఆసుపత్రికి పోదామన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "ఈ జిల్లాలో సగంమందికి మా అమ్మ మందుతో నయమయింది. నాకు కాదా?" అన్నాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె చూరుకున్న బుట్ట తీసుకుని, దారిలో తినడానికి కొంగున గుప్పెడు చెనిక్కాయ బుడ్డలు కట్టుకుని బయలుదేరింది.

మొదటిరోజు చెరువు అడుగంతా తిరిగి వచ్చింది. రెండోరోజు ఎండిన వంక వెంబడి పోయింది. ఊరు దాటితే ఎటు చూసినా ఎర్రటి నేల, రాళ్ళు, వేడిగాలి. ఆ వయసులో ఆమె చెప్పులు లేకుండా ఎంత దూరం తిరిగిందో నాకు తెలియదు. సాయంత్రం పాదాల్లో ముళ్ళు తీయమని నా ఒళ్ళో కాళ్ళు పెట్టింది. కొడుకు మంచం మీంచి, "దొరికిందా మా?" అని అడిగితే, "రేపు దొరుకుతాది నాయనా," అంది. మూడోరోజు పెనుకొండ పక్క మోటారు ఉన్న మల్బరీ తోటలో కలుపు ఏరుకుంటానని బతిమాలుకుని దిగింది. పొద్దు వాలేవేళకు తిరిగి వచ్చింది. ఆ మూడు రోజులూ ఆయన మూత్రం కుంకుడురసంలా పోతూనే ఉంది. నేనూ చూస్తూ కూర్చున్నాను. అది కూడా నా తప్పుల్లోదే.

అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపేసింది. ఆ గదిలోకి మందు వేళ నన్ను రానివ్వడం అదే మొదటిసారి.

"నా చేతులు వణుకుతాండాయి. నా కొడుకనేతలికి నా చెయ్యి నాకే నమ్మకం ల్యా. ఈ పొద్దుతో నీకిస్తాండా. నువ్వు నూరు," అంది. నా చెవికి నోరానించి పేరు చెప్పింది. నేల ఉసిరి. తర్వాత కొంగు విప్పి, వాడిపోయిన పిడికెడు ఆకు నా చేతిలో పెట్టింది.

చింతాకులాంటి సన్నటి ఆకులు. ఈనె కింద వరసగా ఆవగింజలంత కాయలు.

నేను అత్త మొహం చూశాను. ఆమె నా మొహం చూసింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. తట్టెడు, ఆయన చేత్తో ఆయనే మోసుకుపోయి దిబ్బ మీద పోసిన తట్టెడు. "నూరమ్మే, పొద్దు పోతాంది," అంది అత్త. నూరాను. కళ్ళనీళ్ళు రోట్లో పడకుండా మొహం పక్కకు పెట్టుకుని నూరాను. మర్నాడు పరగడుపున మజ్జిగలో కలిపి తాగించాను. సగం లోపలికి పోయింది, సగం వాంతి చేసుకున్నాడు. రెండో పూటకు ఆకు లేదు.

ఆ మధ్యాహ్నానికి మాట తడబడడం మొదలైంది. ఇక ఎవరి మాటా వినకుండా అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడివాళ్ళు చేయగలిగిందంతా చేశారు. గ్లూకోజు సీసాలు ఎక్కించారు. ఆయన నన్ను గుర్తుపట్టి, "జడ వేసుకోలేదేమి?" అన్నాడు ఒకసారి. అదే చివరి మాట. ఐదోరోజు పోయాడు. డాక్టరు నన్ను కూర్చోబెట్టి, కాలేయం మొత్తం చెడిపోయిందనీ, కొందరికి ఈ జబ్బు అలా ముదిరిపోతుందనీ, ఏ ఆకూ దాన్ని ఆపేది కాదనీ చెప్పాడు. మంచి మనిషి. ముందు తెచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగితే మాత్రం కేసుకాగితం మడిచి పక్క మంచం దగ్గరికి పోయాడు.

ఆ ఆకు ఆయన్ని బతికించేదని నేను ఈ రోజుకీ అనను. బతికించేది కాదనీ అనలేను. ఈ రెంటి నడుమే నా బతుకంతా గడిచిపోయింది.

మగ్గం మీది ఎర్రచీరను సావుకారు ఇంకొక నేతగాణ్ణి పంపి పూర్తి చేయించుకున్నాడు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో మళ్ళీ మగ్గం చప్పుడు వినిపించింది. పాప ప్రతిసారీ నాయనేమోనని పరుగెత్తుకు పోయి చూసేది. అత్తా నేనూ ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నాం. ఒక్కసారే బయటపడ్డాం. బిందె దగ్గర ఏదో చిన్నమాటకు ఆమె, "నువ్వు కదా పెరికింది!" అని అరిచింది. "నేను అడిగినాను కదా! అడిగితే మందు కాదంటివే!" అని నేనూ అరిచాను. అంతకు మించి అనుకోవడానికి ఏముంది?

గుంటగలగరకు నీళ్ళు మానేశాను. వారానికే వాలిపోయింది.

ఆషాఢం చివర్లో వాన పడింది. రెండేళ్ళ బాకీ ఒకేసారి తీర్చినట్టు పడింది. వారం తిరక్కముందే పెరడంతా పచ్చబడింది. బండ చుట్టూ, గోడ కింద, గులకరాళ్ళ సందుల్లో, ఎరువుదిబ్బ మీద, చివరికి మగ్గం గదికి పోయే మెట్టు పక్కన కూడా నేల ఉసిరే. ఎవరూ నాటలేదు, ఎవరూ చెంబు నీళ్ళు పోయలేదు. కాలు పెట్టే చోటు లేదు. ఎవరి మీద కోపమో తెలియకుండా నేను అక్కడే నిలబడి పళ్ళు కొరికాను. దాన్ని పెరకలేను, చూడలేను.

వానలు పడినాక రమ్మని అత్త చెప్పి పంపినవాళ్ళలో ఎవరి ద్వారానో విని, సోమందేపల్లె నుంచి ఒకామె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అతని కళ్ళు పచ్చగా ఉన్నాయి. మా ఆయన వయసే ఉంటుంది. అత్త గోడకు ఆనుకుని కూర్చుని, "నాది అయిపోయిందమ్మా. కోడలికిచ్చేసినా, ఆమెను అడుగు," అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాను. ఒక మొక్క వేరుతో సహా తీసి చేతిలో పెట్టాను. అత్తకు వినబడాలనే గట్టిగా చెప్పాను. "దీని పేరు నేల ఉసిరి. మీ ఇంటి ముందర కూడా మొలిచింటాది, చూసుకో. ముందు ఆసుపత్రికి తీసుకుపో. ఇది కూడా ఇయ్యి. దీని కోసమని మాత్రం ఒక్క పూట ఆగొద్దు. దీన్ని యాడ చూసినా పెరకొద్దు."

వాళ్ళు పోయినాక అత్త గడప దగ్గర నిలబడి ఉంది. "పేరు చెప్పేసినావా," అంది.

"చెప్పినా అత్తా."

"ఇంగ అది పని చెయ్యదు. మూడు తరాల మందు. చంపేసినావు."

"చస్తే చావనీ," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నిజంగా అదే అనిపించింది. అన్నీ పోయాయి, ఇది మాత్రం ఎందుకుండాలి?

నెలన్నర తర్వాత ఆ మొగుడూ పెళ్ళాలు టెంకాయ పట్టుకుని వచ్చారు. ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చారట, ఈమె ఆకూ నూరి ఇచ్చిందట. మనిషి కోలుకుని నడుచుకుంటూ వచ్చాడు. అత్త లేచి అతని దగ్గరికి పోయింది. "కూచో నాయనా," అని గడప మీద కూర్చోబెట్టి, వెలుగుకు మొహం తిప్పి, బొటనవేలితో కంటి కింద రెప్ప లాగి చూసింది. ఒక కన్ను చూసి, రెండో కన్నూ చూసింది. తెల్లగా ఉన్నాయి.

అతని రెప్ప మీద వేలు అలాగే ఉంచి ఆమె నా వైపు తిరిగింది.

"పేరు చెప్పినా పని చేసిందే," అంది. "చెప్పినా పని చేసిందే, అమ్మీ."

అంటూనే కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. కొడుకు పోయిననాడు కూడా ఆమె అలా ఏడవలేదు. వచ్చినవాళ్ళకు ఏమీ అర్థంకాక టెంకాయ గడప మీద పెట్టి మెల్లగా వెళ్ళిపోయారు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. గుండెలు బాదుకుంటున్న ఆ చేతులు రెండూ పట్టుకున్నాను.